చుక్కల సారు, ముసలి పెట్ట

పొద్దున ఆరింటికల్లా నాటుకోళ్ల ఫారంలో చుక్కల సారు పని మొదలయ్యేది. తోటి పనివాడు పుంజుని చంకలో ఇరికించుకుంటే, ఈయన దాని నడుం మీద నాలుగుసార్లు నిమిరి తోక కింద చిన్న గాజు గొట్టం పట్టేవాడు. రెండు చుక్కల వీర్యం పడగానే మైక్రోస్కోపు దగ్గరికి పరుగు. కణాలు సుడులు తిరుగుతుంటే ఐదు మార్కులు, కదలకపోతే సున్నా. తురాయి ఎగరేసుకుని షెడ్డంతా తనదే అన్నట్టు తిరిగే పుంజులు ఒక్కోసారి సున్నా తెచ్చుకునేవి. బోడిమెడ పుంజు చూడ్డానికి దిక్కుమాలినట్టున్నా దానికెప్పుడూ ఐదే.

"గుడ్లు పిల్లలవకపోతే పెట్టని అనకండి. ముందు పుంజుని చూడండి," అని కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే చెప్పేవాడు. ఫారంలో అంత నిక్కచ్చి మనిషి.

గుడ్లు పొదిగే గదిలో ఒక ముసలి పెట్ట ఉండేది. ప్రాణమున్న గుడ్లయితే వాటి మీద పొట్ట ఆనించి కూర్చునేది. వట్టి గుడ్లయితే వాటికి జానెడు పైన, గాలిలో కూర్చుని కునుకు తీసేది. ఆ గది చూసుకునే పెద్దమ్మ దాని కింద చెయ్యి పెట్టి ఆ గుడ్లు తీసేసేది. లైటు పెట్టి చూడటం కంటే ఇదే తేలికని అందరికీ అలవాటైపోయింది.

సారుకి పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. వాళ్లమ్మ కోడల్ని తిప్పని ఆస్పత్రి లేదు. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్లాక, సారు తన చుక్కే గాజుపలక మీద వేసుకుని చూశాడు. మూడుసార్లు చూశాడు. సున్నా! పలక కడిగేసి, ఇంటికెళ్లి అన్నం తిన్నాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏడాది గడిపేశాడు. సిగ్గుతో చచ్చిపోతున్నా నోరు విప్పలేదు.

ఆ పెట్ట సంగతి ఎవరి నోటో విని, ఒకరోజు వాళ్లమ్మ కోడల్ని వెంటబెట్టుకుని ఫారానికే వచ్చేసింది.

"వదినా, ఆ పెట్టని దీని ఒళ్లో ఓసారి కూర్చోబెట్టు. ఆనకపోతే పుట్టింటికి పంపేసి వీడికి ఇంకో సంబంధం చూస్తా," అంది పెద్దమ్మతో.

పెద్దమ్మ సారు వంక చూసింది. సారు నేల వంక చూశాడు. పెట్ట ఆనకపోతే బాగుండునని ఆ క్షణంలో మనసారా కోరుకున్నాడు. అంత నీచానికి దిగజారాడు మరి.

పెట్ట ఆమె ఒళ్లో సర్దుకుని కూర్చుంది. రెక్కలు కాస్త విప్పి కళ్లు మూసుకుంది.

"ముసలిదైపోయింది, దీనికి చూపానడం లేదు," అని గొణిగింది అత్తగారు.

"అవునా! పట్టుకోండి సారూ," అంటూ పెద్దమ్మ పెట్టని తెచ్చి, స్టూలు మీదున్న సారు ఒళ్లో పెట్టి చేతులు తీసేసింది.

పెట్ట కిందికి దిగలేదు. ఆయన మోకాళ్లకి జానెడు పైన కునుకు తీయసాగింది.

భార్య ఆయన మొహంలోకి చూసింది. అక్కడ ఆశ్చర్యం లేదు.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"పోయిన ఎండాకాలం నుంచి."

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది.

"నా పొట్ట కోసింది వానాకాలంలో," అంది నెమ్మదిగా. "ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకున్నారు. ఎలాగైనా మనకి పుడతారులే, భయపడకు అన్నారు."



ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. "ఎక్కడికే?" అని అత్తగారు అడిగినా ఆగలేదు. గేటు దాటి, రోడ్డెక్కి, వచ్చిన బస్సేదో ఎక్కింది. సారు స్టూలు మీద నుంచి అంతా చూస్తూనే ఉన్నాడు. ఏ మొహం పెట్టుకుని వెనక వెళ్తాడు?