పెదాలు కదిపితే చాలు

పేర్ల పుస్తకం చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాను, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో జరిగే ఆరాధనకు క్వయర్లో పాడేవాళ్లు కావాలి, ఎవరి తలుపు తట్టినా లోపల మా చర్చి బల్లలే కనిపిస్తున్నాయి, వాటి మీద ఎవరూ లేరు. ఆఖరి ఇంటికి తలుపే లేదు. గడప మీద దీవెనక్క కూర్చుని సమాధులకు వేసే సున్నం బకెట్లో కలుపుతోంది. ఆమె పోయి తొమ్మిది నెలలైందని నాకు తెలుసు, అయినా అదేమీ వింతగా తోచడం లేదు.

"అక్కా, నీ పేరు రాసుకుంటున్నా. ఈసారి నువ్వు పాడాల."

"నా పేరెందుకమ్మాయ్? నా గొంతు బొంగురు గదా" అంటుంది, సున్నంలోంచి తలెత్తకుండానే.

ఆ మాట నాదే. పోయిన ఈస్టరుకు ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారని, ముప్ఫై ఏళ్లు నా పక్కనే నిలబడి పాడిన మనిషితో అందరి ముందూ, "నీ గొంతు బొంగురుపోయిందక్కా, నువ్వు పాడొద్దు, పెదాలు కదిపితే చాలు" అన్నాను. నోరు జారానని చెప్పుకుంటాను గానీ, కావాలనే అన్నాను. ఆమె నవ్వి తలూపింది, పాటపాటకీ పెదాలే కదిపింది. రేపు వెళ్లి క్షమించమంటాను, ఎల్లుండి వెళ్తాను అనుకుంటుండగానే వానాకాలం వచ్చింది, ఆమె పోయింది.

"తప్పయిపోయిందక్కా. నా పక్కకొచ్చి ఒక్క చరణం పాడు."

ఆమె చీరకు చేతులు తుడుచుకుని లేస్తుంది, గడప చర్చి మెట్లవుతుంది, మెట్లు తెల్లటి సమాధులవుతాయి, సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని నిలబడి ఉంది, ఆమె నా ఎడమ పక్కన తన పాత చోటులోనే నిలబడి పాటల పుస్తకం తెరుస్తుంది. పెదాలు కదులుతున్నాయి. ఆమె నోటి దగ్గర చెవి పెడతాను, సున్నం వాసన తప్ప ఏమీ లేదు.

"గట్టిగా పాడక్కా, వినపడట్లేదు!"

ఆమె ఆగి, కోపం లేకుండా, నన్నే వింతగా చూస్తుంది. "నువ్వే గదమ్మాయ్ చాలన్నావు. అదే అలవాటైపోయింది."

అక్కా అని అరుస్తాను, నాకే వినపడదు.

కళ్లు తెరిస్తే మధ్యాహ్నపు ఎండ మంచం మీద పడుతోంది. పేర్ల పుస్తకం గుండెల మీదే ఉంది. టీ గ్లాసు పట్టుకుని మా అమ్మాయి నా మొహంలోకి వంగి చూస్తోంది.

"నిద్దట్లో పాడుతున్నావా అమ్మా? పెదాలు కదులుతున్నాయి, గొంతే రావట్లేదు."