మా అన్న మందు కలపలేదు

మా అన్న ఏబేలును రిజర్వాయర్ కట్ట మీద కొట్టినారని మా అమ్మ సువార్తమ్మ ఫోన్ చేసేసరికి నేను మార్కాపురంలో, కాలేజీలో బాటనీ క్లాసు చెప్తా ఉన్నా. ప్రిన్సిపాల్‌కు ఒక మాట చెప్పి బస్సెక్కినా.

అన్న పెదవి చిట్లింది, ఒక కన్ను మూసుకుపోయింది. ఆయన రిజర్వాయర్‌లో చేపలు పట్టి బతుకుతాడు.

"ఊర్లో రంగయ్య పెదనాయన బర్రెలు రెండు చచ్చినాయి హన్నా. వాగు మూలన నీళ్లు తాగి ఇంటికి పోయి పడిపోయినాయంట. చేపల కోసం నేనే నీళ్లల్లో మందు కలిపినానని ఆయన, ఆయన కొడుకు, ఇంకొందరు కలిసి కొట్టినారు" అన్నాడు.

"నువ్వు కలుపుతుంటే ఎవురు చూసినారు?"

"చూసేదేముంది? వల నాది. ఊరి బయట పేట నాది."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎండలోనే రిజర్వాయర్ కాడికి పోయినా. నీళ్లు సగానికి తగ్గిపోయి బురద తేలింది. వాగు కలిసే మూలన లోతు లేదు. పడమటి గాలికి తోసుకొచ్చిన పచ్చ నురగ అక్కడ రంగు డబ్బా ఒలకపోసినట్టు పేరుకుని ఉంది. కుళ్లు వాసన. చెయ్యి పెడితే స్నానానికి కాచిన నీళ్లంత వేడి. అవతల తూము కాడ నీళ్లు లోతు, అక్కడ ఇంత పచ్చదనం లేదు, చేపలు ఎగురుతా ఉండాయి.

వాగు వెంబడి పైకి నడిచినా. రంగయ్య కొడుకు సురేష్ కోళ్లఫారం అక్కడే. కోళ్ల పెంట కుప్పలు కుప్పలుగా వాగు ఒడ్డున ఉంది. ఉగాది ముందర పడిన వానకు సగం కొట్టుకుపోయిన గుర్తు కూడా ఉంది.

మూలన నీళ్లు సీసాలో పట్టుకుని కాలేజీకి తీసుకుపోయి మైక్రోస్కోప్ కింద పెట్టినా. నేను అనుకున్నదే. సన్న గుండ్లు ముద్దలు ముద్దలుగా అతుక్కున్న నాచు. విడిగా చూస్తే కంటికి ఆనదు. నీళ్లు వేడెక్కి, కదలకుండా నిలబడి, ఎరువు దొరికితే రెచ్చిపోయి పెరుగుతుంది. ఈ జాతిలో కొన్ని రకాలు గొడ్ల కాలేయాన్ని పాడుచేసే విషం పుట్టిస్తాయి.

బర్రెలను కోసి చూసిన పశువుల డాక్టరుకు ఫోన్ చేసినా.

"లివర్ వాచిపోయి నెత్తురుతో నిండిపోయిందమ్మా. పురుగుమందు పనిలా లేదు" అన్నాడు.

"ఊర్లో ఆ మాట చెప్పినారా సార్?"

"నన్ను ఎవురు అడిగినారు?"

ఆదివారం గుడిలో ప్రార్థన అయినాక రంగయ్య ఇంటికి పోయినా. అరుగు మీద ఆయన, సురేష్, ఇంకో నలుగురు కూచోనుండారు.

"పెదనాయనా, మందు కలిపింటే ముందు చేపలు చావాల కదా? తూము కాడికి పోయి చూడు, ఎట్ల ఎగురుతుండాయో."

"చదువుకున్నావని మీవాణ్ణి వెనకేసుకొచ్చేదానికి వచ్చినావా?"

"అందుకే వచ్చినా. నీళ్లు తగ్గినాయి, కాగినాయి, ఆ మూలన నిలబడిపోయినాయి. ఆపైన నీ కొడుకు కోళ్ల పెంట వాగులోకి తోసినాడు. నాచుకు ఇంకేం కావాల? డాక్టరునే పిలిచి అడుగు."

సురేష్ దూకినట్టు లేచినాడు. "ఏందే, నా ఫారం మీద పడినావు?"

"నీ పెంటే నీ బర్రెల్ని చంపింది."

రంగయ్య కొడుకు వైపు చూసినాడు. నమ్మినాడని ఆ చూపులోనే తెలిసింది. "సరే. ఆ మూలకు గొడ్లను తోలొద్దని దండోరా వేయిస్తాం. ఇంక వదిలెయ్" అన్నాడు.

"మా అన్న సంగతి?"

"అయిందేదో అయింది."

"నలుగురిలో కొట్టినారు. తప్పు మాదేనని ఆ నలుగురిలోనే చెప్పాల."

"నేను మీ పేటకొచ్చి చెప్పాల్నా?"

"పేటకొద్దు. కట్ట మీదకే రా."

ఆయన లేచి లోపలికి పోయినాడు. తలుపు కూడా వేసుకున్నాడు.

సాయంత్రం ఆయన భార్య కృష్ణవేణమ్మ పాలు, పండ్లు పట్టుకుని వచ్చింది. అన్న మొహం చూసి ఆమె కండ్లనిండా నీళ్లు తిరిగినాయి. "కేసుల దాకా పోవద్దమ్మా" అనింది. అమ్మ ఆ సంచి అందుకోబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టినా.

"పెద్దమ్మా, కొట్టింది నువ్వు కాదు. నిన్ను పంపించి ఆయన ఇంట్లో కూచుంటే ఎట్ల?"

ఆమె సంచి ఎత్తుకుని పోయింది. ఊరోళ్లతో మనకెందుకని అమ్మ నన్ను తిట్టింది. అన్న మాత్రం గోడకానుకుని కూచోని, "పోదాం హన్నా" అన్నాడు.

తెల్లారి స్టేషన్‌కు పోయినాం. రాజీ పడమన్నారు. ఫిర్యాదు రాసుకునేదాకా బెంచీ మీంచి లేచేది లేదని కూచున్నాం. రాసుకున్నారు. సురేష్ పేరు, రంగయ్య పేరు, కొట్టిన అందరి పేర్లు అన్నే చెప్పినాడు. వాంగ్మూలం ఇచ్చేదానికి డాక్టరు ఒప్పుకున్నాడు.

జూన్ వానలకు రిజర్వాయర్ నిండింది. నీళ్లు చల్లబడినాయి, పచ్చదనం పలచనై పోయింది. కోళ్ల పెంట ఇంకా ఆ ఒడ్డునే ఉంది. నీళ్లు బాగైనాయి కదా, ఇంకా కేసెందుకని దుకాణం కాడ అడుగుతుంటారు.

మా అన్న కన్ను ఇప్పటికీ సరిగ్గా కనపడదు. కేసు వెనక్కి తీసుకోం.