దిండు కింది ఇనుము

నేను ఒక అడకత్తెరను. వక్కలు కొరకడం నా వృత్తి. మీలో చాలామంది నన్ను కంటితో చూసి ఉండరు, అయినా ఇరకాటంలో పడినప్పుడల్లా నా పేరు వాడేసుకుంటారు. వక్క ముక్క నోట్లో వేసుకోని వాళ్లు కూడా నన్ను తలుచుకోవడం సంతోషమే. ఊరికే వాడుకుంటున్నారు కాబట్టి నా కథ కూడా కాస్త వినండి.

పుట్టుకతో నేను విరిగిపోయిన ఒక లారీ కమాను పట్టీ ముక్కను. నంద్యాల దగ్గర ఒక కమ్మరి నన్ను కొలిమిలో కాల్చి, సాగ్గొట్టి, రెండు కాళ్లు చేసి మధ్యలో చీల బిగించాడు. ఒక కాలి చివర చిలక బొమ్మ తీర్చాలనుకున్నాడు. అన్నం వేళ దాటి తొందరపడ్డాడేమో, అది కాకిలా తయారైంది. అయినా తిరునాళ్లలో చిలక కత్తెర అని అరిచి మరీ అమ్మాడు. నన్ను కొన్నది బావులు తవ్వే మనిషి. నిజంగానే చిలక అనుకుని ఇంటికి తీసుకెళ్లి భార్య తిప్పమ్మ చేతిలో పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "కాకి బాగుందిలే" అంది. ఆ మాటతోనే ఆమె నాకు నచ్చేసింది.

తిప్పమ్మ దగ్గర నాకు పనికి కరువు లేదు. ఆమె వక్క కొరికిస్తూ ఊరందరి మంచీ చెడూ మాట్లాడేది. ఎవరి మీదైనా కోపమొస్తే ముక్కలు సన్నగా పడేవి. మొగుడు పోయాక కొన్నాళ్లు నన్ను ముట్టుకోలేదు. తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. ఆమె కొడుకు ఓబులేసు తండ్రి పనే అందుకున్నాడు. కోడలు సుంకమ్మ వచ్చింది. సుంకమ్మ తమ్ముడు మద్దిలేటి బావ వెంట పనికి వెళ్లేవాడు. వాడికి ఒకచోట ఊరికే కూర్చోవడం తెలీదు. మా ఇంటికి వస్తే నన్ను పట్టుకుని టకటకలాడిస్తూ పాటలు పాడేవాడు. నా చీల వదులైపోతుందని తిప్పమ్మ తిట్టేది. నిజానికి నాకది బాగానే ఉండేది.

బోర్లు వచ్చాక కొత్తగా బావి తవ్వించేవాళ్లు తగ్గిపోయారు. ఎండిపోయిన పాత బావులను లోతు చేయించుకునేవాళ్లు మాత్రం అక్కడక్కడా ఉన్నారు. అలాంటి ఒక బావిలో ఓబులేసు, మద్దిలేటి పని చేస్తుండగా గట్టు కూలింది. ఓబులేసును క్రేను తాడుతో పైకి లాగారు. మద్దిలేటి లోపలే ఉండిపోయాడు.

అక్కడ నేను లేను. నాకు తెలిసిందంతా తర్వాత విన్నదే.

ఓబులేసు ఒంటి గాయాలు మానాయి గానీ నిద్ర మానని పుండైంది. కన్ను మూతపడితే చాలు, కేక పెట్టి లేచేవాడు. లేచి, నోట్లో మట్టి నిండినట్టు ఉమ్మేవాడు. తలుపు మూస్తే ఊపిరాడేది కాదు, దుప్పటి కప్పితే లాగి పారేసేవాడు. కొన్నాళ్లకు కలకు భయపడి నిద్రకే భయపడడం మొదలుపెట్టాడు. టీ మీద టీ తాగి అరుగు మీద తెల్లారేదాకా కూర్చునేవాడు.

తిప్పమ్మ తనకు తెలిసిన వైద్యం చేసింది. ఇనుము దగ్గరుంటే గాలీ ధూళీ దరి చేరవని, నన్ను వక్కాకు సంచిలోంచి తీసి కొడుకు దిండు కింద పెట్టింది. పైగా ఇంట్లో ఒక కట్టడి చేసింది.

"పీడకల నోట చెప్పగూడదు ఓబులేసా. చెప్తే నిజమైతాది. ఎవురడిగినా చెప్పగాకు."

వాడు చెప్పలేదు. సుంకమ్మ అడగలేదు. ఇల్లంతా అటువైపు చూడకుండా తిరిగేది.

నాకు ఒళ్లు మండిపోయేది. పళ్లున్న దాన్ని తీసుకెళ్లి దూది కింద పెడితే మండదా? బయటి నుంచి వచ్చేదాన్ని అడ్డుకోమని నన్ను అక్కడ పెట్టారు. అది బయటి నుంచి వస్తే కదా! నా పైన ఉన్న తలకాయలోంచే వచ్చేది. నేను తలుపు వైపు కాపలా కాస్తూ ఉంటే, వాడు నిద్రలో "మద్దిలేటీ, తాడు పట్టుకోరా" అని గొణిగేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నా ఇనుప ఒళ్లు కూడా చల్లబడిపోయేది.

మనుషుల తెలివి చూడండి. నిద్ర పట్టని ఈ మనిషిని పిలిచి పత్తి మిల్లులో రాత్రి వాచ్‌మన్ ఉద్యోగం ఇచ్చారు. ఒక్క కునుకు కూడా తీయడని మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. వాడి కళ్ల కింద నలుపు పెరిగింది, ఒళ్లు సగమైంది. అంత నమ్మకమైన మనిషి దొరకడం అదృష్టమని మిల్లువాళ్లు అనుకున్నారు.

పగలు ఇంట్లో నడుం వాల్చేటప్పుడు నన్ను పిడికిట్లో పట్టుకుని పడుకోవడం వాడికి అలవాటైంది. ఒక మధ్యాహ్నం గోడకు ఆనుకుని కునుకుతున్నాడు. సుంకమ్మ గంజి తెచ్చి, చల్లారిపోతుందని భుజం మీద చెయ్యి వేసింది. మట్టి మీద పడిందనుకున్నాడో ఏమో, కళ్లు తెరవకుండానే చెయ్యి విసిరాడు. ఆ చేతిలో నేనున్నాను. సుంకమ్మ కనుబొమ చీలి, రక్తం చెంప మీదికి కారింది.

ఓబులేసు కళ్లు తెరిచి ఆమెను చూసి, పిల్లాడిలా ఏడ్చాడు.

సర్కారు ఆసుపత్రిలో కుట్లు వేసే నర్సు ఎలా తగిలిందని అడిగింది. గడప తగిలి పడ్డానని సుంకమ్మ చెప్పబోయింది. ఓబులేసు అడ్డొచ్చాడు.

"కాదు మేడమ్. నేనే కొట్టినా. నిద్రలో కొట్టినా. నాకు ఈ నిద్ర వద్దు మేడమ్, ఏమన్నా చెయ్యండి."

నర్సు వాళ్లను పక్క గదికి తీసుకెళ్లింది. అక్కడ మానసిక వైద్యం చూసే డాక్టరమ్మ ఉంది. ఓబులేసు పిడికిట్లో అప్పటికీ నేను ఉండడం చూసి, నన్ను మెల్లగా తీసి బల్ల మీద పెట్టింది. తిట్టలేదు, నవ్వలేదు. కలలో ఏం కనిపిస్తుందో చెప్పమంది.

"చెప్పగూడదు మేడమ్. చెప్తే నిజమైతాది."

డాక్టరమ్మ ఏదో అనబోయింది. కంటి మీద కట్టుతో కూర్చున్న సుంకమ్మ వాడి వైపు తిరిగింది.

"ఇంగేం నిజమైతాది? అయిపోయిందే గదా నీకు దినామూ కలలో వస్తాండేది! మట్టి పడిపాయ. నా తమ్ముడు పాయ. ఇంగ చెప్తే పొయ్యేది ఏముంది మన కాడ?"

ఓబులేసు ఆమె కంటి మీది కట్టు వైపు చూశాడు. తర్వాత చెప్పాడు.

గట్టు మీద మట్టి రాలడం మొదలవగానే పైనుంచి తాడు దిగింది. అది ముందు మద్దిలేటి చేతికే అందింది. వాడు దాన్ని బావ నడుముకు చుట్టాడు. "నువ్వు ముందు పో బావా, నేను ఎనకాల్నే వస్తా" అన్నాడు. కలలో ఓబులేసు ఆ తాడు విప్పబోతాడు, ముడి ఊడదు, మట్టి నోట్లోకి వస్తుంది. రోజూ అంతే.

సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తమ్ముడి చివరి మాట ఆమె అంతవరకూ వినలేదు. ఏడుపు ఆగాక ఒకటే అడిగింది.

"వాడు భయపడినాడా?"

"ల్యా. పాట పాడేటప్పుడు ఎట్లుంటాడో అట్లనే ఉన్యాడు."

ఇన్నాళ్లూ ఆ కల ఓబులేసుదే అనుకున్నాను. సగం ఆమెది కూడా అని నాకు అప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ కొన్ని మాత్రలు ఇచ్చింది. రాత్రి ఉద్యోగం మానేయమంది, సాయంత్రం టీ వద్దంది, నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కాసేపు తిరగమంది. చేతిలో ఇనుము లేకుండా పడుకోమంది. ఇంకో వింత పని కూడా చెప్పింది. పగటిపూట, వెలుతురులో, ఆ కలను భార్యకు చెప్పాలట. చివర మాత్రం తనకు నచ్చినట్టు మార్చుకోవాలట. రోజూ అలా చెప్పుకుంటే కల కూడా మెల్లగా దారి మార్చుకుంటుందట. నమ్మకం కలగలేదు నాకు. ఇనుము కూడా పనికిరానిచోట మాటలేం చేస్తాయి అనుకున్నాను.

ఓబులేసు మొదట మద్దిలేటిని బతికించి చూశాడు. ఇద్దరూ ఒకే తాడు మీద పైకి వచ్చినట్టు చెప్పబోయి, మధ్యలోనే ఆపేశాడు. అది అబద్ధమని వాడి ఒంటికి తెలుసు. చాలా మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. చివరికి వాడు మట్టి రాలకముందే కలను ఆపేయడం మొదలుపెట్టాడు. ఇద్దరూ బావి గట్టున కూర్చుని సద్ది విప్పుకుంటారు, కొర్ర రొట్టె తుంచుకుంటారు, వేరుశెనగ పొడి, అదే చెనిక్కాయల పొడి, అద్దుకుని తింటారు. అంతవరకే.

తిప్పమ్మ మొదట్లో ఈ మాటలు వినలేక పక్కింటికి వెళ్లిపోయేది. తర్వాత గడప దాకా వచ్చి కూర్చుంది. ఒకరోజు ఉండబట్టలేక లోపలికి తొంగిచూసింది.

"వాడు చెనిక్కాయల పొడి యాడ ముట్టేవాడు? ఊరుబిండి కావాలని నా పానం తీసేవాడు. అది పెట్టు."

కల నోట చెప్పకూడదన్న మనిషి, ఆ కలలో పొడి తీసి పచ్చడి పెట్టింది. ఆ రోజు ముగ్గురూ నవ్వారు, తర్వాత ముగ్గురూ ఏడ్చారు. వాడి చేతికి అందకుండా నన్ను చూరులో దోపారు, అక్కడి నుంచే చూస్తున్నాను.

కల పూర్తిగా పోలేదు. అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు. కొన్ని రాత్రులు ఇంకా ఉలిక్కిపడి లేస్తాడు, మట్టి ఉమ్ముతాడు. సుంకమ్మ దూరంగా నిలబడి పేరు పెట్టి పిలుస్తుంది. దగ్గరికి వెళ్లి భుజం పట్టుకోదు. వాడు నీళ్లు తాగి, వాకిట్లో తిరిగి, మళ్లీ వచ్చి పడుకుంటాడు. పడుకోగలుగుతున్నాడు, అదీ తేడా.

నిన్న వాళ్లిద్దరూ డాక్టరమ్మకు చూపించుకోవడానికి పట్నం బస్సెక్కారు. ఇనుము తోడుండాలన్న అత్త పోరు పడలేక సుంకమ్మ నన్ను చేతిసంచిలో వేసుకుంది. బస్సు నిండా జనం, కోళ్ల గంప, పిల్లల ఏడుపులు. కిటికీ పక్కన కూర్చున్న ఓబులేసు తల కొంచెం కొంచెంగా ఒరిగి సుంకమ్మ భుజం మీద ఆగింది. నోరు తెరుచుకుంది. సన్నగా గురక మొదలైంది. సుంకమ్మ కదలకుండా కూర్చుంది.

ఆసుపత్రి స్టాపు వచ్చింది. కండక్టరు గట్టిగా అరిచాడు. సుంకమ్మ లేవలేదు. అతను దగ్గరికి వచ్చి, దిగాలి కదమ్మా అన్నాడు. ఆమె వేలు పెదాల మీద పెట్టుకుని, పెళ్లి కబురు చెప్పినంత సంబరంగా, గుసగుసగా అంది:

"నిద్రపోతాండాడన్నా. ఈ బస్సు యాడిదాకా పోతాదో ఆడిదాకా టికెట్టియ్యి."