‘డి’ పక్కన ‘హెచ్’

పెన్‌డ్రైవ్ నా బొటనవేలంత ఉంది. అందులో మా అక్క గొంతు ఉంది.

ఇది అలంకారం కోసం అన్న మాట కాదు. ఆరు వారాల కిందట అక్కకి ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అంతకుముందు మూడు వారాల పాటు బావ రోజూ ఆమెని మైకు ముందు కూర్చోబెట్టి పదహారు వందల వాక్యాలు చదివించి రికార్డు చేశాడు. వాటితో ఒక ల్యాబువాళ్ళు ఆమె గొంతుని కంప్యూటరుకి నేర్పుతారు. తర్వాత అక్క ఏది టైపు చేసినా ఫోను ఆమె గొంతుతోనే పలుకుతుంది. ఆ ఫైళ్ళు ఈరోజు ఐదింటికల్లా పంపాలి.

రెండున్నరకి బావ ఫోన్ చేశాడు. గుసగుసగా మాట్లాడాడు. "తాళాలమ్మా, ఒకసారి రా. మీ అక్కకి చెప్పకు."

తాళాలమ్మ అంటే నేనే. ఫోన్లు, కంప్యూటర్ల భద్రత గురించి వారం వారం ఈమెయిల్ పత్రిక రాస్తాను. ఆ పిచ్చి ఉన్నవాళ్ళు పన్నెండు వేల మంది చదువుతారు. మనుషుల గొంతు దొంగిలించి, ఆ గొంతుతోనే ఇంట్లోవాళ్ళకి ఫోన్లు చేసి ముంచుతున్నారని రాసిన వారమే బావ లాప్‌టాప్‌లో అక్క గొంతు తాళం గీళం లేకుండా పడి ఉండటం చూశాను. ఒంటికాలి మీద లేచాను. పాస్‌వర్డ్ అడిగే ఈ పెన్‌డ్రైవ్ తెచ్చింది నేనే. ఫైళ్ళన్నీ అందులోకి ఎక్కించి, లాప్‌టాప్‌లోవి మళ్ళీ దొరక్కుండా చెరిపేసిందీ నేనే. పదిసార్లు తప్పు కొడితే పెన్‌డ్రైవ్ తనని తానే తుడిచేసుకుంటుంది. "ఇంకో కాపీ వచ్చేవారం తీద్దాం" అన్నాను. తీయలేదు. రెండో కాపీ లేనివాడికి బుద్ధి లేనట్టేనని నా పత్రికలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

వెళ్ళేసరికి బావ ముందుగదిలో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద "మిగిలిన ప్రయత్నాలు: 3" అని ఉంది.

"ఏడుసార్లు కొట్టావా! మూడోసారికైనా ఆగొద్దూ?"

"అరవకు. లోపల పడుకుంది."

"పాస్‌వర్డ్ మర్చిపోయావా?"

"మర్చిపోతే బాగుండేది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. అదే. సామెత పెట్టుకో, ఏ దొంగా ఊహించలేడు అన్నావుగా నువ్వే."

అన్నాను. గొప్పగా పత్రికలోనూ రాశాను. ఒక్క సంగతి మాత్రం రాయలేదు. సామెత తెలుగుది, కీబోర్డు ఇంగ్లీషుది. దొంగకి ‘డి’ ఒక్కటి చాలా, పక్కన ‘హెచ్’ కూడా ఉండాలా? ఈశ్వరుడు ‘ఐ’తో మొదలవుతాడా, రెండు ‘ఈ’లతోనా? ‘ఎస్’ తర్వాత ‘హెచ్’ ఉందా? ‘ఈశ్వరుడైనా’ చివర దీర్ఘానికి ‘ఏ’ ఒకటా, రెండా? తెలుగులో ఒకే తీరుగా రాసే మాటని ఇంగ్లీషు అక్షరాల్లో తలా ఒకలా రాస్తాం. ఒకే మనిషి పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా రాస్తాడు.

"నోటికొస్తోంది, వేలికి రావట్లేదు" అన్నాడు బావ. కళ్ళద్దాల షాపు నడిపే మనిషి. వెంట్రుకవాసి తేడా లేకుండా అద్దం అరగదీస్తాడు గానీ, కీబోర్డు మీద మాత్రం ఒంటివేలి వ్యవహారం.

పెన్‌డ్రైవ్‌ని మరో చోటికి కాపీ చేసి అక్కడ ప్రయత్నించే వీలు లేదు. తప్పుల లెక్క దాని లోపలి చిప్పులోనే ఉంటుంది. కొన్నప్పుడు అందుకే మెచ్చుకున్నాను దాన్ని.

ఆయన నాకు పంపిన పాత మెసేజీలన్నీ వెతికాను. "దొంగమొహందానా" అని ఒకసారి తిట్టాడు. దొంగకి ‘డి’ ఒక్కటే. "ఈరోజు" అన్నచోటల్లా ‘ఈ’ కూడా ఒక్కటే. ఆ తీరునే సామెతంతా కూర్చి కొట్టాను. ఎర్ర గీత వచ్చింది. రెండు మిగిలాయి.

"‘హెచ్’ ఉంది" అన్నాడు బావ ఉన్నట్టుండి. "‘డి’ పక్కన. తెర మీద చూసినట్టు గుర్తు."

"నువ్వెప్పుడూ ‘హెచ్’ పెట్టవుగా?"

"పెట్టను. కానీ ఉంది."

నాకు నమ్మకం కుదరలేదు. ఆయన మాత్రం ఒట్టేసినంత గట్టిగా చెప్పాడు. మిగతాదంతా ఆయన తీరులోనే ఉంచి, ‘డి’ పక్కన ‘హెచ్’ చేర్చి కొట్టాను. మళ్ళీ ఎర్ర గీత. ఒక్కటి మిగిలింది.

భయమేస్తే నాకు నోరు ఆగదు, అదే నా రోగం. "అక్క గొంతు నీ చేతుల్లో పెట్టడమే మనం చేసిన తప్పు" అన్నాను. నాకు పదేళ్ళప్పుడు ఈ కుటుంబంలోకొచ్చిన మనిషి, నన్ను సైకిలు మీద బడికి దింపిన మనిషి. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

తలెత్తేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. మెడకి పల్చటి గుడ్డ, చేతిలో రాసి తుడిచే తెల్లపలక. పోయింది గొంతే, చెవులు కావు. ఇరవయ్యేళ్ళు లెక్కలు చెప్పిన టీచరు. మైకు లేకుండానే వెనక బెంచీని వణికించేది.

పలక మీద రాసింది. "ఎన్ని మిగిలాయి?"

ఒక వేలు చూపించాను. ఆ వేలి వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత బల్ల దగ్గరికొచ్చి బావ భుజం మీద చెయ్యి వేసి, రెండో చేత్తో రాసింది.

"ఆ రోజు కొట్టింది నువ్వు."

"నేనా? నేను ఒకరి పాస్‌వర్డు కొట్టను అక్కా. కొట్టేటప్పుడు చూడను కూడా. అది నా మొదటి నియమం!"

తుడిచి మళ్ళీ రాసింది. "ఆయన రెండుసార్లు కొట్టారు. రెండూ ఒకలా లేవని తెర మీద వచ్చింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే. నీకు కింద కారు ఎదురుచూస్తోంది. విసుక్కుని లాక్కున్నావు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆపరేషన్‌కి ముందురోజు. బావ సామెత పలుకుతున్నాడు, నేను లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని టకటకా కొట్టేశాను. అక్క మంచం మీంచి "పాపం, ఆయన్ని కొట్టనివ్వవే" అంది కూడా. గొంతుతో అంది. ఆ మాటకి నేను పలకను కూడా పలకలేదు. మర్నాడు భార్యకి ఆపరేషన్ అన్న కంగారులో ఉన్న బావకి ఇవన్నీ ఏం గుర్తుంటాయి? ఇంటిదొంగ ఎవరో తెలియక, పొద్దుటి నుంచీ పాపం తన వేళ్ళనే అనుమానించుకుంటున్నాడు.

"బావా" అన్నాను. "నేను సిగ్గులేనిదాన్ని."

"తర్వాత తిట్టుకుందువుగాని, ముందు కొట్టు" అన్నాడు.

నాకో పద్ధతి ఉంది. ‘ద’కి ‘హెచ్’ ఉంటుంది, ‘డ’కి ఉండదు. దీర్ఘానికి ఏ అక్షరమైనా రెండుసార్లు. కానీ విసుగులో కూడా పద్ధతి పాటించానా? ఒక్కో అక్షరం ఆలోచించడం మొదలుపెడితే ప్రతిదీ అనుమానమే అయింది. ఇక ఆలోచించలేదు. "నువ్వు పలుకు బావా, ఆ రోజులాగే" అన్నాను. ఆయన సామెత పలికాడు. నేను కళ్ళు మూసుకుని వేళ్ళకి వదిలేశాను. ఎంటర్ నొక్కింది మాత్రం అక్క.

ఎంతకీ కళ్ళు తెరవలేకపోయాను. బావ ఏడుపు వినపడ్డాకే తెరిచాను. తెర నిండా ఫైళ్ళు, పదహారు వందలు.

ముందు అన్నింటినీ రెండు చోట్లకి కాపీ చేశాను. ల్యాబుకి పంపాను. అప్పటికి నాలుగుంబావు. అప్పుడు అక్క మొదటి ఫైలు మీద వేలు పెట్టి చూపించింది. నొక్కాను.

"కిటికీ తెరిస్తే గాలి వస్తుంది" అంది అక్క గొంతు, పాఠం చెప్పినట్టు. ఆ తర్వాత మైకు ఆపడం మరిచిపోయారు కాబోలు, మామూలుగా అడిగింది. "సరిగ్గా వచ్చిందా? మళ్ళీ చెప్పనా?"

ఫైలు అక్కడితో ఆగింది.

"చెప్పు" అన్నాడు బావ, లాప్‌టాప్ వైపు కాదు, అక్క వైపు చూసి.

అక్క చెయ్యి చాచి మళ్ళీ నొక్కింది.