అడ్డం వేసిన కంప

నాకు కొండలంటే ఇష్టం లేదు. ఆ రోజు ఎక్కింది కూడా ఇష్టంతో కాదు, కోపంతో.

భీమవరం పక్క కాలవల మీద ముప్ఫై రెండేళ్లు లస్కరుగా చేశాను. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టు కాయడం నా పని. రెండు వేల మూడు జూన్‌లో రిటైరయ్యాను. నేను లేని లోటు ఆ సార్వా పంటకే అందరికీ తెలిసొస్తుందని ఎదురుచూశాను. కార్తీకమాసంలో ఒక పొద్దున మా ఆవిడ అన్నపూర్ణమ్మ కాఫీ ఇస్తూ, "ఈ ఏడు నీళ్లు బాగానే వచ్చాయండి, మీరు లేకపోయినా" అంది. మామూలుగానే అంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. కాలవన్నది కనపడని చోటుకి పోవాలనిపించింది. ఆ రాత్రి రాజమండ్రిలో పడుకుని, తెల్లారి మొదటి బస్సుకి గోకవరం దాటి కొండల్లోకి పోయాను.

కొండ కింద టీ కొట్టు వెంకన్న దారి చెప్పాడు.

"పైకెక్కి కొండ నెత్తి మీదే చుట్టూ నడిస్తే, సాయంత్రానికి మళ్లీ ఇక్కడికే దిగుతారండి. మధ్యలో వాగు తగులుద్ది. దానెంట మాత్రం దిగొద్దండి."

"నాకే చెప్తావా నీళ్ల గురించి?" అన్నాను.

"రేపు కాలేజీ పిల్లలు ఇరవై మంది వస్తున్నారండి. వాళ్లకీ ఇదే చెప్తాను" అన్నాడు. నన్ను తీసుకెళ్లి పిల్లకాయల్లో కలిపేశాడు.

ఎక్కడం మొదలుపెట్టాక తెలిసింది, కొండకి మనిషంటే గిట్టదని. అడుగేస్తే రాయి జారుతుంది, పట్టుకుంటే కొమ్మ విరుగుతుంది. మా వైపు నేల అణిగిమణిగి ఉంటుంది. ఇక్కడ నేలే మీదికొస్తోంది. గట్టు మీద అయితే పదడుగులకొకరు "ఎక్కడికండి?" అని అడుగుతారు. ఇక్కడ పలకరించే దిక్కు లేదు. నా ఆయాసం తప్ప ఇంకో చప్పుడు లేదు. కొండని తిట్టుకుంటూ నడిచాను.

మిట్టమధ్యాహ్నానికి వాగు తగిలింది. ముందున్న దారి మళ్లీ పైకి లేచింది. మోకాళ్లు ఒప్పుకోలేదు. మా వైపు దారి తప్పినవాడికి ఒకటే చెబుతాం: నీళ్ల వెంట పో, ఊరు తగులుతుంది. తగలకపోవడమన్నది నేనెన్నడూ ఎరగను. వెంకన్న మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకే వాగు వెంట దిగాను.

కొంత దూరం పోయాక, రెండు చెట్ల మధ్య ముళ్లకంప అడ్డం వేసి ఉంది, పైన పెద్ద రాయి. పశువులు పోకుండా ఎవడో వేసుంటాడనుకున్నాను. రాయి దొర్లించి కంప లాగి పారేశాను. సగం వాగులో కొట్టుకుపోయింది.

ఇరవై అడుగులు వేశానో లేదో, పాకుడు రాతి మీద కాలు జారింది. నడుం దాకా గాల్లోకి పోయాను. చేతికో చెట్టు వేరు దొరికింది. నా కాళ్ల కింద చెట్ల తలలు కనిపించాయి. వాగు ఊరికీ పోవడం లేదు, పాడుకీ పోవడం లేదు, నిట్టనిలువున లోయలోకి పడుతోంది. ఎడమ కాలి చెప్పు జారిపోయింది. అది పడిన చప్పుడు వినపడలేదు. "అన్నపూర్ణా!" అని అరిచాను. ముప్ఫై ఏళ్ల కాపురంలో అలా పిలవడం అదే మొదటిసారి.

ఎలా పాకి వచ్చానో నాకే తెలియదు. ఒడ్డున మిగిలిన సగం కంప పడి ఉంది. దాన్నయినా అడ్డం లాగొచ్చు, రెండు నిమిషాల పని. చేతుల్లోంచి రక్తం కారుతోంది, పొద్దు వాలుతోంది. చూసి కూడా ఆగలేదు.

ఎక్కిన దారినే అయిదింటికి కిందికి దిగేసరికి ఆఖరి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. వెంకన్న నా ఒంటి చెప్పు చూశాడు.

"వాగు దగ్గర కంప ఉందాండి? ఆషాఢంలో ఒకాయన పడిపోయాక నేనే వేశాను."

ఉందని ఒక్క మాటంటే చాలు, బస్సెక్కేయొచ్చు. కండక్టరు రమ్మని కేక వేస్తున్నాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది. గట్టు కోతపడిన చోట నేను వేసిన కంప ఎవడైనా తీస్తే, వాణ్ణి ఊరి మధ్య నిలబెట్టి కడిగేసేవాణ్ణి.

"నేనే తీసేశాను" అన్నాను.

వెంకన్న మొహం ఎర్రబడింది. "పెద్దోరని ఊరుకోవాలాండి? అడ్డం ఎందుకేశారో ఆలోచించక్కర్లేదా? మీరు దాటిపోతారు, ఎనకొచ్చేవోడి గతేంటి?"

అక్షరం పొల్లుపోకుండా నా తిట్టే. ఎంతమందిని తిట్టానో లెక్కలేదు, ఒక్కడూ బదులు చెప్పలేదు. అప్పట్లో అది పొగరనుకునేవాణ్ణి. ఇప్పుడు నాకూ నోరు పెగల్లేదు. బస్సు వెళ్లిపోయింది.

"రేపు పిల్లలు రాకముందే ఎక్కుదాం. నేనూ వస్తాను" అన్నాను.

వెంకన్న నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "కంప కొట్టడం వచ్చాండి మీకు?"

పొద్దున ఎవడైనా ఈ మాట అడిగి ఉంటే చెంప పగలగొట్టేవాణ్ణి.

"ఎలా కొట్టాలో నువ్వు చెప్పు" అన్నాను.