బెల్లం పోయే దారి

ఫోను మోగినప్పుడు యేసుమణి రాయి కోసే మిషను ముందర కూర్చుని ఉంది. ఆ రొదలో ఫోను కాదు, పక్కన పిడుగు పడినా వినిపించదు. పక్క మిషను వెంకాయమ్మ నడుం మీద పొడిచి చెబితేగానీ తెలియలేదు. షెడ్డు బయటికి వచ్చి, మూతికి చుట్టుకున్న కొంగు విప్పి మాట్లాడింది. బడి నుంచి సైన్సు మేడమ్ అరుణకుమారి.

"సుస్మిత వాళ్ళమ్మేనా? ఒకసారి బడికి రాగలరా అమ్మా? పాప ఒకటే ఏడుపు. ఎందుకో చెప్పడం లేదు. దెబ్బలేం తగల్లేదు, కంగారు పడకండి."

కంగారు పడొద్దంటే కన్నకడుపు వింటుందా? ఏడో తరగతి చదివే పిల్ల, చెయ్యి తెగినా ఏడవని పిల్ల, బడిలో కూర్చుని ఏడుస్తోందంటే ఏమనుకోవాలి? యేసుమణి మేస్త్రీ బ్రహ్మం దగ్గరికి పరిగెత్తింది.

"మద్దేనం పోతే సగం కూలి కోస్తారు, తెల్సు గదా. రెండొందలు మళ్ళ అడగబాక," అన్నాడు బ్రహ్మం.

"పోతే పోనీలే అన్నా. బిడ్డ ఏడుస్తాందంట."

"సరే, శనారం బెల్లం తీసుకోని పో. మళ్ళ నాకు ఈలేదంటావు."

కాగితంలో చుట్టిన బెల్లపు ముక్కని యేసుమణి కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది.

మార్కాపురం పలకల షెడ్లలో ఈ బెల్లం సంగతి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. రాతిపొడి రొమ్ములో పేరుకుంటుందని, బెల్లం చప్పరిస్తే పొడంతా దానికి అంటుకుని కిందికి దిగిపోతుందని తాతల నాటి నమ్మకం. ఓనరు శనివారం శనివారం మనిషికింత బెల్లం ఉచితంగా ఇప్పిస్తాడు. ఒకసారి పనివాళ్ళంతా కూడబలుక్కుని, దుమ్ము లేవకుండా కోతకి నీళ్ళు తగిలే మిషన్లు తెప్పించమని, మూతికి మాస్కులన్నా ఇప్పించమని అడిగారు. ఆ వారం నుంచి బెల్లం పెంచాడు. ధర్మప్రభువని అందరూ మెచ్చుకున్నారు. దుమ్ము ఆయనదే, బెల్లమూ ఆయనదే, దగ్గు మాత్రం వీళ్ళది.

యేసుమణి మొగుడు నాగయ్య ఇప్పుడామె కూర్చునే మిషను మీదే వయసంతా ధారపోశాడు. రెండేళ్ళుగా మంచాన పడి ఉన్నాడు. మనిషి ఎండుకట్టెలా అయిపోయాడు. బడికి పోయేముందు ఒక ముక్క, వచ్చాక ఒక ముక్క సుస్మితే తన చేత్తో ఆయన నోట్లో పెడుతుంది. "నా బిడ్డ చేతి బెల్లం పడితే రొమ్ము తేలికైతాది," అంటాడు నాగయ్య. ఆ మాటకి పిల్ల ముఖం ఎంత వెలిగిపోతుందో చూడాలి.

బడికి వెళ్ళేసరికి మిగతా పిల్లల్ని ఆటకి వదిలారు. సుస్మిత వెనక బెంచీలో తల దాచుకుని ఉంది. తల్లి తల నిమిరినా ముఖం ఎత్తలేదు.

"ఊపిరితిత్తుల పాఠం చెప్పానమ్మా," అంది అరుణకుమారి. ఒంగోలు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, పిల్లలంటే ప్రాణం పెడుతుంది. "నేను బోర్డు మీద బొమ్మ వేస్తే నిద్రపోతారు. అదే టీవీలో వీడియో వేస్తే కళ్ళార్పరు. ఈవేళ కూడా అందరూ బాగా చూశారు. మీ అమ్మాయి లేచి 'మళ్ళా వేయండి మేడమ్' అంది. వేశాను. మళ్ళీ వేయమంది. ఆ తర్వాత మొదలైంది ఏడుపు."

"అదేందో నాగ్గూడా చూపించండి మేడమ్."

గోడకి బిగించిన పెద్ద టీవీ వెలిగింది. అద్దంలో నుంచి చూసినట్టు లోపలి అవయవాలన్నీ కనిపిస్తున్న ఒక బొమ్మ కుర్రాడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. గొంతులో రెండు గొట్టాలు. ముద్ద రాగానే ముందరి గొట్టం మీద చిన్న మూత టప్పున పడింది. ముద్ద వెనక గొట్టంలో జారి పొట్టలోకి పోయింది. తర్వాత కుర్రాడు ఊపిరి పీల్చాడు. మూత లేచింది. గాలి కొమ్మలు కొమ్మలుగా చీలి, ద్రాక్షగుత్తుల్లాంటి చిన్నచిన్న తిత్తుల్లోకి చేరింది. ఆ గాలి వెంట బూడిదరంగు చుక్కలు కూడా పోయాయి. గాలి బయటికి వచ్చింది గానీ చుక్కలు రాలేదు. తిత్తులు ఒక్కొక్కటే గట్టిపడిపోయాయి. వీడియో అయిపోయింది.

యేసుమణి టీవీ దగ్గరికి నడిచింది.

"మేడమ్, ఆ మూత తెరుచుకుంటే తిండి ఈ ముందర గొట్టంలో గూడా పోతాదా?"

"పోకూడదమ్మా. ఒక మెతుకు పోయినా పొలమారి ఉక్కిరిబిక్కిరవుతాం."

"బెల్లం గూడానా?"

"బెల్లమైనా అన్నమైనా పొట్టలోకే." పాఠం ఇంత శ్రద్ధగా అడిగే తల్లి దొరికినందుకు మేడమ్ ఇంకా నవ్వుతూనే ఉంది.

"మరి ఆ దుమ్ము? దాన్ని దించేదానికి ఏదీ పోదా ఆడికి?"

అరుణకుమారి అప్పుడు చూసింది, ఆమె కనుబొమల మీద తెల్లగా పేరుకున్న రాతిపొడిని. వెనక బెంచీలో పిల్లని చూసింది. ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"టీవీ ఆపేయనా అమ్మా?" అంది మెల్లగా.

సుస్మిత వచ్చి తల్లిని చుట్టుకుంది. "రోజూ నేనే పెడ్తాంటి గదమా. తగ్గుతాది నాయనా, తగ్గుతాది నాయనా అని చెప్తాంటి గదమా," అని వెక్కుతోంది. యేసుమణికి పొద్దున తను చప్పరించిన బెల్లం తీపి నాలుక మీద చేదుగా తిరిగింది. ఇన్నాళ్ళూ దేవుడి ప్రసాదంలా కళ్ళకద్దుకుని తిన్నది దీన్నా? పిల్ల ముందు ఏడవకూడదనుకుంది గానీ ఏడ్చేసింది.

దారిలో, "నాయనకి చెప్పబాక. మనుసు పాడు జేసుకుంటాడు," అని పిల్లకి మరీమరీ చెప్పింది.

నాగయ్య గోడకి దిండు ఆనించుకుని కూర్చున్నాడు. ఇద్దర్నీ కలిపి చూసి ముఖం విప్పారింది.

"ఏంది, తల్లీ కూతురూ కలిసొస్తిరే! శనారం గదా, బెల్లమేదీ? పెట్టు నాయమ్మ."

యేసుమణి కొంగుముడి విప్పి ముక్క పిల్ల చేతిలో పెట్టింది. సుస్మిత తండ్రి నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది.

"ఇది రొమ్ములోకి పోదు నాయనా. బళ్ళో టీవీలో చూపించినారు. గొట్టాలు రెండంట. ఇది రెండోదాంట్లో పోతాది. ఒక్క రవ్వ గూడా రొమ్ములోకి పోదు."

నాగయ్య ఉలిక్కిపడలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని ఆ ముక్క నోట్లో వేసుకున్నాడు.

"తెల్సులేమ్మా. పోయినేడు ఒంగోలు ఆస్పత్రికి తీస్కపోయినప్పుడు, మీ అమ్మ మందులకి పోయినాక డాక్టరు చెప్పినాడు. నువ్వు అంత ఆశగా పెడ్తాంటే తింటి."

పిల్ల మాట సరే. యేసుమణి గుండెలో మాత్రం ఏదో భగ్గుమంది.

"పోయినేడే తెల్సా నీకు? తెల్సి, రోజూ పొద్దన్నే 'బెల్లం కట్టుకున్నావా మే' అని యాది చేసి మరీ నన్ను ఆ మిషను కాడికి తోలుతాంటివా?"

నాగయ్య తల వంచుకున్నాడు.

"చెప్తే పనికి పోవు గదా. నువ్వు పోకుంటే పొయ్యి ఎట్ల ఎలుగుతాది మే? పాప చదువెట్ల?"

అంతలోనే దగ్గు తెర వచ్చింది. మంచమంతా కదిలిపోయే దగ్గు. కట్టుకున్నవాడే తన కళ్ళు మూసి గోతిలోకి తోశాడే అనుకుంది యేసుమణి. అయినా ఆమె చేతులే పోయి అతని వీపు రాస్తున్నాయి. అతన్ని కొట్టాలనుంది, పట్టుకుని ఏడవాలనీ ఉంది. రెంటిలో ఏదీ చేయలేకపోయింది.

"సోమారం నేను పోను," అంది.

"మరి తినేదానికి?"

"తెల్దు. ఆ పొడిలోకి మాత్రం పోను."

దగ్గు తగ్గాక నాగయ్య గోడ వైపు చూస్తూ కూతుర్ని అడిగాడు.

"మీ మేడమ్ చూపించిన దాంట్లో, లోపల పడిన దుమ్ము తీసేది గూడా ఉండెనా అమ్మా?"

సుస్మిత తల్లి వంక చూసింది.

"ఉంది నాయనా. సోమారం చూపిస్తామన్నారు."

వీడియో అక్కడితోనే అయిపోయిందని తల్లీ కూతుళ్ళిద్దరికీ తెలుసు.