కిందికి దించిన బుట్టలు

నాలుగో కాయ కూడా అంతే. తెల్లగా, విడివిడిగా జారాల్సిన కోకో గింజలు నల్లబడి, ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టాయి. కాయతొలిచే పురుగు పని. పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. తోట చూసేది మరిది, గింజలు పులియబెట్టి ఎండబెట్టేది ఆవిడ. తోటలో కట్టిన పురుగుల బుట్టలు చూసి నెలన్నరగా మరిది చెబుతున్న లెక్క ఒకటే: ఓ వారం రెండు పురుగులు, మరో వారం సున్నా. ఆ మాట నమ్మే, పురుగు పెరగకుండా వారం వారం కోయాల్సిన కాయల్ని మూడు వారాలు చెట్లకే వదిలేయించింది.

ఇక రైతుల సంఘం కార్యదర్శి ఈ తోటకి కొట్టడానికి పురుగుమందు డ్రమ్ము వేసుకుని బయల్దేరాడట. ఆ మందుకు పురుగు చస్తుందో లేదో గానీ, కోకో పూలకు పుప్పొడి మోసే చిట్టి ఈగలు మాత్రం ముందే చస్తాయి. అవి లేకపోతే పువ్వు కాయ కాదు. ఈ పంట ఎలాగూ పోయింది. వచ్చే పంటైనా దక్కాలంటే ఆయన్ని ఆపాలి.

పెద్దకోడలు పరుగున తోటలోకి వెళ్లి, నిలువునా ఆగిపోయింది. లింగాకర్షక బుట్టలో ఆడపురుగు వాసన పట్టించిన రబ్బరు బిళ్ల ఉంటుంది. ఆ వాసనకు మగపురుగులు వచ్చి జిగురు అట్టకు అంటుకుంటాయి. ఈ పురుగు తిరిగేది చెట్టు చిటారున కాబట్టి, ఆవిడే దగ్గరుండి బుట్టల్ని గడలకు కట్టించి కొమ్మల పైకి లేపించింది. ఇప్పుడవి మనిషి ఛాతీ ఎత్తున, వరసగా వేలాడుతున్నాయి.

“ఎవరు దింపారివి?”

“నేనే వదినా. గడలు దించి ఎక్కించలేక మెడ పట్టేస్తోంది. వాసన అదే కదా, ఎక్కడుంటే ఏం?” అన్నాడు మరిది.

“నీ మెడ మీద జాలిపడి పురుగులు కిందికి దిగొస్తాయా? సున్నా వచ్చినప్పుడైనా అనుమానం రాలేదూ?”

“పురుగు పోయిందనుకున్నా. సంబరపడ్డా కూడా.”

బద్ధకాన్నైనా క్షమించేదేమో గానీ, ఆ సంబరం వినేసరికి ఆవిడకు ఒళ్లు తెలియని కోపమొచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టింది.

ఇంతలో కార్యదర్శి పైపు లాక్కుంటూ వచ్చాడు. “చెప్పానా అమ్మా, వాసనలతో పురుగులు పోవని? పక్కకి జరుగు.”

“జరగను. బుట్టలు మళ్లీ పైకి కడతాం. మూడ్రోజులు ఆగండి. అట్టలు నిండకపోతే మీ పైపు నేనే పట్టుకుంటా.”

ఆయన సణుక్కుంటూ వెనక్కి తిరిగాడు.

మూడో రోజు పొద్దున అట్టలు దించితే ఖాళీ చోటు లేదు. పెద్దకోడలు మరిదిని కార్యదర్శి ముందు కూర్చోబెట్టి పురుగుల్ని బయటికి వినబడేలా లెక్కపెట్టించింది. నూట ఎనభై దాటాక వాడు అట్ట పక్కన పెట్టబోయాడు. “ఆపకు,” అంది. రెండొందల పదహారు. కార్యదర్శి ఈ తోటకి మందు వద్దని డ్రమ్ము వెనక్కి పంపేశాడు.

“అది సరే, నెలన్నర పాటు బుట్టలు కింద వేలాడుతుంటే ఇంట్లో ఎవరూ చూడలేదా?” అనడిగాడు.

మరిది తల వంచుకున్నాడే తప్ప వదిన వైపు చూడలేదు. తన తప్పును కప్పిపుచ్చే ఆ మర్యాదకే ఆవిడకు ఎక్కువ మండింది.

“నేను చూడలేదు. సున్నా అంటే హాయిగా ఉందని, ఒక్కసారి కూడా తోటలోకి రాలేదు,” అంది గట్టిగా.

కత్తి తీసుకుని కాయల కుప్ప దగ్గరికి నడిచింది. పాడైనవన్నీ పగలగొట్టి పూడ్చిపెట్టాలి. మరిది సాయానికి వస్తే వద్దనలేదు, గొయ్యి తవ్వమని పార వాడి ముందు పడేసింది.